కర్ర మొదటి కొస దగ్గరికి: బెజవాడ చుట్టూ నాలుగు రోజులు

ఇంటికొచ్చి మూడు రోజులైంది. సంచి దులిపితే ఇంకా చెక్క పొట్టు రాలుతోంది. మా ఆయన చీపురు పట్టుకుని చూసిన చూపు గుర్తుండగానే రాసేస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక ఆడిట్ ఆఫీసులో నా పని కంపెనీల సిఎస్‌ఆర్ లెక్కలు, అంటే సామాజిక బాధ్యత కింద పెట్టే ఖర్చుల లెక్కలు సరిచూడటం. తొమ్మిదేళ్లుగా అదే పని. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135, ఆ ఖర్చు ఏయే పనులకు పెట్టొచ్చో చెప్పే షెడ్యూల్ 7 నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కాగితం తయారీకి కర్ర కొనే కంపెనీల ఫైళ్లు కూడా నా బల్ల మీద నుంచి పోయాయి కానీ, ఆ కర్ర కాసే తోటలో మాత్రం ఎప్పుడూ కాలు పెట్టలేదు. సొంత బాబాయికి నందిగామ దగ్గర సుబాబుల్ తోట ఉండీ ఈ మాట చెప్పుకోవడం సిగ్గే. ఈసారి విజయవాడలో ఒక పెళ్లి ఉంటే, నాలుగు రోజులు సెలవు కలుపుకున్నాను.

జనవరి 6, విజయవాడ

పెళ్లి సంగతి వదిలేద్దాం, అందరి పెళ్లిళ్లలాగే జరిగింది. పొద్దున గాంధీనగర్‌లో ఒక పాత హోటల్లో ఇడ్లీ తిన్నాను. ఇడ్లీ మీద వెన్న ముద్ద, దాని మీద కారప్పొడి. వెన్న కరిగి కారప్పొడితో కలిసి ఎర్రగా ప్లేటు అంచుదాకా పారుతుంటే వడ్డించే పెద్దాయన "చట్నీ తర్వాత అడగండమ్మా, ముందు ఇలా తినండి" అని ఆర్డరేశాడు. ఆయన చెప్పిందే రైటు. కాఫీతో కలిపి నూట పది రూపాయలు.

తర్వాత వన్‌టౌన్. "కాగితాల కొట్లు" అంటే ఆటో అతను తలూపి కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర దింపేశాడు. ఉల్లిపాయల బస్తాల మధ్య నిలబడి నేను మ్యాప్‌లితో అనే అచ్చు కాగితం ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నాను. కరివేపాకు అమ్ముతున్నామె "రాసుకునే కాగితమా, పొట్లం కట్టే కాగితమా?" అంది. రెండూ వేరే వీధులట. మూడు సందులు తిరిగి, ఒక సందులో ఎదురొచ్చిన తోపుడు బండికి దారిస్తూ గోడకు అతుక్కుని, చివరికి ఒక కొట్టు పట్టుకున్నాను.

కొట్టాయనకు అరవై దాటి ఉంటాయి. నేనేమీ కొనను, చూస్తానంతే అన్నా విసుక్కోలేదు. రీములోంచి ఒక తావు లాగి నిలువుగా చింపాడు. స్కేలు పెట్టి చింపినట్టు తిన్నగా వచ్చింది. అడ్డంగా చింపాడు. పాము మెలికలు తిరిగినట్టు వంకర. "మిషన్ మీద గుజ్జు పారేటప్పుడు నారలన్నీ పారిన వైపే పడుకుంటాయి మేడమ్. పడుకున్న వైపు చింపితే మాట వింటుంది, అడ్డం చింపితే వినదు. పుస్తకం కుట్టేటప్పుడు ఈ లెక్క చూసుకోకపోతే పేజీలు లేచి నిలబడతాయి." ముప్పై ఏళ్లుగా పుస్తకాలు కొంటున్నాను, ఈ సంగతి నాకు తెలియదు.

మన సుబాబుల్, జామాయిల్ కర్రల నారలు పొట్టివట. అచ్చుకు నున్నగా ఉంటుంది కానీ గట్టిదనం తక్కువ. గట్టిదనం కావాలంటే పొడుగు నార కలపాలి. అది వెదురు నుంచి గానీ, బయటి దేశాల పైన్ చెట్ల గుజ్జు నుంచి గానీ రావాలి. ఇదంతా చెప్పి, నోటుపుస్తకం ఒకటి వెనక్కి తిప్పి చూపించాడు. అట్ట మీద చెట్టు బొమ్మతో ఎఫ్‌ఎస్‌సి ముద్ర. ఫారెస్ట్ స్టివార్డ్‌షిప్ కౌన్సిల్ అని 1993లో పెట్టిన సంస్థ. కర్ర సంస్థ నియమాల ప్రకారం పెంచిన ఏ తోటదో, ఎవరి చేతులు మారి వచ్చిందో నేల నుంచి ప్రెస్సు దాకా కాగితాల మీద చూపించగలిగితే ఆ ముద్ర ఇస్తారు.

"గిరాకీలు అడుగుతారా?" అన్నాను.

"ఇక్కడ ఎవరూ అడగరు. ఫారిన్ ఆర్డర్లకు అట్టపెట్టెలు చేసేవాళ్లు అడుగుతారు. మనవాళ్లు అడిగేది ఒకటే, కిలో ఎంత అని."

వట్టి చేతులతో రావడం బాగోదని ఒక డజను నోటుపుస్తకాలు కొన్నాను. మోయలేక సాయంత్రమంతా ఏడ్చాను. బందరు రోడ్డు మీద పుస్తకాల పండగలో తిరిగినంత సేపూ ఆ డజను నా భుజానే. ఒక స్టాల్లో ఇద్దరు ప్రచురణకర్తలు పుస్తకాల గురించి కాకుండా కాగితం రేటు గురించే గంటసేపు మాట్లాడుకుంటుంటే పక్కనే నిలబడి విన్నాను. పునుగులు ప్లేటు నలభై. అల్లం చట్నీ బాగుంది, పునుగులు నూనె పీల్చాయి.

జనవరి 7, నందిగామ దాటాక

నందిగామలో బస్సు మారి చందర్లపాడు దారిలో దిగాలి. కండక్టర్ నిద్ర కళ్లతో "ఇదే మీ స్టాపు" అంటే దిగిపోయాను. కాదు. పొగమంచులో రోడ్డుకు రెండువైపులా ఒకే రకం చెట్లు, ఏ ఊరో తెలిసే ఆనవాలు లేదు. పాల క్యాన్లతో పోతున్న ఒకబ్బాయి బాబాయ్ పేరు చెప్పగానే "ఎక్కండక్కా" అన్నాడు. బండి మీద రెండు కిలోమీటర్లు. డబ్బులు ఇవ్వబోతే కోప్పడ్డాడు.

పిన్ని వేడి నీళ్లు పెట్టింది. బాబాయ్ మాత్రం "ముందు తోటకెళ్దాం అమ్మాయ్, పొద్దెక్కితే కూలోళ్లు అన్నానికి కూర్చుంటారు" అని లాక్కుపోయాడు.

బాబాయ్‌కి మూడెకరాలు సుబాబుల్, ఎకరంన్నర జామాయిల్. ఆ రోజు జామాయిల్ కోత నడుస్తోంది. నరికిన కర్రలు వరసగా పడున్నాయి. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని తొక్క ఒలుస్తున్నారు. కత్తితో చివర గాటు పెట్టి, వేళ్లు దూర్చి లాగితే, పచ్చి కర్ర మీద నుంచి తొక్క మూరెడు పొడుగున చర్రుమని వచ్చేస్తుంది. కింద కర్ర తడిగా, పాలమీగడ రంగులో, జారుడుగా. నేనూ ఒకటి ప్రయత్నించాను. బెత్తెడు ముక్క వచ్చి తెగింది. "నిన్న నరికింది పట్టుకున్నావమ్మా, అది బిగిసిపోద్ది. ఇయ్యాల్టిది పట్టుకో" అని నవ్వారు. తొక్క ఎంత బిగిసిందో అంత తడి పోయినట్టు, అంత తూకమూ పోయినట్టు. బాబాయ్ లెక్క అక్కడే మొదలైంది.

"కర్ర కొట్టిన రోజే లారీ రావాలి. రాదు. కాటా దగ్గర లారీలు లైనులో ఉన్నాయంటారు. నాలుగు రోజులు ఎండలో ఉంటే టన్నుకు ఎంత ఎగిరిపోద్దో చూడు. ఎగిరిపోయింది నాది. ఎండిన కర్ర గుజ్జు పెట్టేవాడికి ఇబ్బందేం లేదు, నీళ్లకు డబ్బులు కట్టక్కర్లేదు కదా."

కూలి, తొక్క, ఎత్తుబడి అన్నీ కలిపి టన్నుకు వెయ్యి పైన పోతుందట. ఒకప్పుడు టన్ను నాలుగు వేలు పలికింది, ఇంకో ఏడు రెండు వేల లోపుకు పడిపోయింది. ఆ ఏడు తోట కొట్టకుండా వదిలేశాడు. చెట్టుకు ఉన్న సుఖం అదే, మిర్చిలాగా కుళ్లదు, నిలబడి ఉంటుంది. మరి ఇన్ని తిట్టుకుంటూ ఎందుకు వేశావు బాబాయ్ అంటే చేతివేళ్లు మడిచాడు: కూలీలు దొరకరు, నీళ్లు చాలవు, పురుగుమందు కొట్టక్కర్లేదు, పిల్లలు ఇద్దరూ బెంగళూరులో. ఒకసారి నాటితే మూడు నాలుగేళ్లకు ఒక కోత, మొద్దు నుంచి మళ్లీ చిగురు. కాకపోతే వద్దనుకున్న రోజున మొద్దులు పెకలించడానికి పొక్లెయిన్ పెట్టాలి. సుబాబుల్ అయితే గింజ రాలి గట్ల మీదా కాలవల్లోనూ మొలుస్తూనే ఉంటుంది. మెక్సికో నుంచి వచ్చిన చెట్టు, పశువులకు మేత అవుతుందని డెబ్బై ఎనభైల్లో ఊరూరా నాటించారు. మేకలు ఇష్టంగా తింటాయి. గుర్రం ఎక్కువ తింటే మాత్రం జూలు రాలిపోతుంది, ఆకులో మైమోసిన్ అనే పదార్థం వల్ల. ఇది చెబితే పిన్ని వెంటనే "ఈయన చిన్నప్పుడు అదే తిన్నాడేమో" అని బాబాయ్ నున్నటి తల వైపు చూసింది.

భోజనం గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. దోసకాయ పప్పు, కొత్త చింతకాయ పచ్చడి, గడ్డ పెరుగు. చింతకాయ పచ్చడిలో పిన్ని పచ్చి ఉల్లిపాయ కొట్టి వేసింది. నాలుగోసారి అన్నం పెట్టుకున్నాక లెక్కపెట్టడం మానేశాను.

మధ్యాహ్నం ఊళ్లో తిరిగాను. అలవాటు కొద్దీ బోర్డు కోసం వెతుకుతున్నాను. బడి గోడ మీద, మంచినీళ్ల ప్లాంటు మీద, బస్‌ షెల్టర్ మీద "ఫలానా కంపెనీ సౌజన్యంతో" అని ఉంటుంది కదా, నా ఫైళ్లలో ఫొటోలుగా వచ్చేవి అవే. ఈ ఊళ్లో ఒక్కటీ లేదు. బాబాయ్‌కి చెబితే ఆశ్చర్యపోలేదు. "ఇక్కడికెందుకొస్తారమ్మా? ఫ్యాక్టరీ ఉన్నది వేరే చోట. పొగ వాళ్లది, బోర్డూ వాళ్లదే."

చట్టంలో ఉన్న మాట అదే, బాబాయ్ చదవకుండా చెప్పాడు. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న, లేదా దాటిన కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి అమలు. తాను పనిచేసే చోటికి, చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలి. కాగితం మిల్లు పనిచేసే చోటు ఏది? బాయిలర్ ఉన్న ఊరా, లేక నూట యాభై కిలోమీటర్ల అవతల కర్ర కాసే ఊరా? ఈ ప్రశ్న నా తొమ్మిదేళ్లలో ఏ ఫైల్లోనూ రాలేదు. నేనూ వేయలేదు.

ఇంకొకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట కర్ర వాడే ఒక కంపెనీ లెక్కల్లో "రైతులకు మొక్కల పంపిణీ" అని ఒక పద్దు చూశాను. షెడ్యూల్ 7లో నాలుగో అంశం కింద పర్యావరణంతో పాటు వ్యవసాయ అడవుల పెంపకం కూడా ఉంది కాబట్టి అందులో వేశారు. నేను టిక్కు పెట్టాను. రూల్సులో ఇంకో ముక్క కూడా ఉంది, కంపెనీ మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని సిఎస్‌ఆర్ కిందకు రాదని. నాలుగేళ్ల తర్వాత ఆ మొక్కే కర్రై వాళ్ల గేటు ముందు కాటా ఎక్కితే అది సేవా, సరుకు సమకూర్చుకోవడమా? అప్పుడు ఒక్క ఫోను చేసి అడగాల్సింది. మార్చి నెలాఖరు, టెన్షన్, ఇంకా పదకొండు ఫైళ్లు. టిక్కు పెట్టేశాను. తోటలో నిలబడి బాబాయ్‌కి ఈ సంగతి చెబితే ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "మొక్క ఉత్తినే ఇస్తే మంచిదేగా. నాకెవడూ ఇయ్యలా, కొనుక్కున్నా. సేవ చేయాలనుంటే కాటా సరిగ్గా వెయ్యమను, డబ్బులు పదిహేను రోజుల్లో ఇయ్యమను. బోర్డు నేనే రాయించి పెడతా, నా ఖర్చుతో."

పోయినసారి మధ్యలో ఉన్న వ్యాపారి దగ్గర నుంచి ఆయనకు డబ్బు చేరేసరికి తొమ్మిది నెలలు పట్టింది. ఏ నివేదికలోనూ ఆ తొమ్మిది నెలలకు గడి ఉండదు.

జనవరి 8, కొండపల్లి

బాబాయ్ ఊరి నుంచి తిరిగొచ్చే దారిలో ఇబ్రహీంపట్నం దగ్గర దిగి ఆటో మాట్లాడాను. నూట యాభై అన్నాడు, ఎనభైకి వచ్చాడు. దారంతా గొణుగుతూనే ఉన్నాడు. దిగేటప్పుడు వంద ఇచ్చాను, గొణుగుడు ఆగింది. ఖిల్లా ఎక్కలేదు, మోకాళ్లు ఒప్పుకోలేదు.

బొమ్మల కాలనీలో అరుగుల మీదే పని. ఒకాయన అంబారీ ఏనుగుకు చెవులు అతికిస్తున్నాడు. కొయ్య తెల్ల పొణికి. చేతిలో పెట్టాడు, పిడికెడు దూది పట్టుకున్నట్టు బరువే లేదు. ఆరబెట్టిన కొయ్యను వేడి చేసి చెమ్మ తీసి, చెక్కుతారు. చేతులు, తొండం, చెవులు విడిగా చేసి అతుకుతారు. అతికేది మక్కు, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. ఆయన బొటనవేలి గోటితో మక్కును చెవి వెనక సందులోకి నొక్కుతూ, తడి గుడ్డతో ఒక్కసారి తుడిచాడు. అతుకు మాయమైంది. ఎక్కడ చెవి ఎక్కడ తల అని నేను కళ్లజోడు తీసి చూసినా కనిపించలేదు.

"కొయ్య ఎక్కడిది?" అన్నాను.

"కొండ మీది అడవిలోదే. ముందు దగ్గర్లో దొరికేది. ఇప్పుడు లోపలికి లోపలికి పోవాలి. చెట్టు కొట్టడానికి పదేళ్లు పైనే ఎదగాలి కదమ్మా."

నిన్నటి నుంచి నా బుర్ర సుబాబుల్లోనే ఉంది కాబట్టి, రైతులతో పొణికి తోట వేయించొచ్చు కదా అన్నాను. ఆయన ఏనుగును పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "మూడేళ్లకు టన్నులు ఇచ్చే చెట్టు పక్కన, పదిహేనేళ్లకు నాలుగు దుంగలు ఇచ్చే చెట్టు ఎవరేస్తారు? మా వీధి మొత్తానికి ఏడాదికి కావాల్సింది ఒక మిల్లుకు ఒక పూటకు చాలదు."

కోపం లేదు ఆ గొంతులో. లెక్క చెప్పాడంతే. ఇలాంటి చెట్టుకే కదా కంపెనీల రెండు శాతం పనికొచ్చేది అనిపించింది నాకు. వ్యాపారానికి ఉపయోగం లేనిది, వేలమందికి కాకుండా ఒక వీధికి కావాల్సింది, పదిహేనేళ్లు ఆగాల్సింది. కానీ పదిహేనేళ్లు ఆగే పద్దును మార్చి నెలాఖరుకు చూపించడం ఎంత కష్టమో నాకంటే బాగా ఎవరికి తెలుసు. మొక్కకు నీళ్లు పోసిన ఫొటో ఒక్క ఏడే పనికొస్తుంది.

అంబారీ ఏనుగు ఆరు వందలు చెప్పాడు. బేరం ఆడాలనిపించలేదు. పాత దినపత్రికలో చుట్టి ఇచ్చాడు, సంచిలో రాలుతున్న పొట్టు దాని పుణ్యమే.

జనవరి 9, గుంటూరు

మామయ్య గారు అటవీ శాఖలో రేంజ్ ఆఫీసర్‌గా రిటైరయ్యారు. బ్రాడీపేటలో ఇల్లు. నేను వెళ్లేసరికి కుర్చీలో కూర్చుని కత్తెరతో పేపరు కట్టింగులు చేసుకుంటున్నారు, ఇరవై ఏళ్లుగా అదే పని. అత్తయ్య గోంగూర, వంకాయ బజ్జీ, నెయ్యి పెట్టి "హైదరాబాద్‌లో మీరు తినేది గోంగూర కాదు" అని తీర్పు కూడా వడ్డించింది.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది నా తొమ్మిదేళ్ల చదువు కంటే ఎక్కువ. ఒకప్పుడు కాగితం మిల్లులు అడవి వెదురు మీద బతికాయి. ప్రభుత్వాలే దీర్ఘకాలం లీజులిచ్చి నామమాత్రం ధరకు కొట్టుకోనిచ్చాయి. రాజమండ్రి, కాగజ్‌నగర్, తర్వాత సారపాక, అన్నీ గోదావరి, ప్రాణహిత అడవులకు దగ్గర్లో వెలసినవే. 1988 జాతీయ అటవీ విధానం దానికి అడ్డుకట్ట వేసింది: పరిశ్రమలు తమ కర్ర తామే సమకూర్చుకోవాలి, అదీ నేరుగా రైతులతో సంబంధం పెట్టుకుని, అప్పు, సలహా, కోత, రవాణా సాయం చేసి. రాయితీ ధరకు అడవి సరుకు ఇవ్వకూడదు.

"మీ బాబాయ్ సుబాబుల్ వెనక ఉన్నది ఆ పేరా" అన్నారు మామయ్య గారు. "అడవి మిగిలింది, అది నిజం. కానీ ఆ పేరాలో అప్పు, సలహా, రవాణా అని రాశారు చూడు, అది సిఎస్‌ఆర్ పుట్టకముందే రాసిన బాధ్యత. దాన్ని దానంగా రాసుకోవడం నాకు నచ్చదు."

నేను మొక్కల పద్దు సంగతి చెప్పలేదు. ముఖం చూసి కనిపెట్టారేమో, గోంగూర ఇంకొంచెం వడ్డించమన్నారు.

కాగజ్‌నగర్ మాట ఆయనే ఎత్తారు. నిజాం కాలం నాటి మిల్లు, 2014లో ఆగిపోయి 2018లో మళ్లీ నడిచింది. "లాభంలో రెండు శాతం అంటావు. మిల్లు ఆగిన నాలుగేళ్లు లాభం ఎక్కడిది, శాతం ఎక్కడిది? ఊరికి అవసరం పడింది సరిగ్గా అప్పుడే." నా దగ్గర జవాబు లేదు. నాకు తెలిసిన చట్టంలోనూ లేదు.

సాయంత్రం ఇద్దరం నడిచి వెళ్లి మిరపకాయ బజ్జీలు తిన్నాం. నాలుగు యాభై రూపాయలు. లోపల వాము, చింతపండు, పైన ఉల్లి, నిమ్మకాయ. రెండోదానికే నాకు కళ్లనీళ్లు. మామయ్య గారు డెబ్బై రెండేళ్ల మనిషి, మూడోది తింటూ రోడ్డు పక్కన బుట్టలల్లే మేదరామె వైపు చూపించారు. వెదురు చీల్చి, పుల్ల పళ్ల మధ్య పట్టుకుని, రెండు చేతులతో అల్లుతోంది. 1927 అటవీ చట్టం వెదురును చెట్టు కింద లెక్కేసింది. సొంత చేలో పెంచిన వెదురు కొట్టి తరలించాలన్నా చాలాచోట్ల పర్మిట్లు అడిగేవాళ్లు. అడవి బయట పెరిగిన వెదురు చెట్టు కాదు, గడ్డేనని 2017 నవంబరులో సవరించారు. "మిల్లుకు లారీల కొద్దీ పంపే కాగితం మీద సంతకం పెట్టిన చేత్తోనే, ఇలాంటివాళ్ల నెత్తి మీద రెండు గడలు ఉంటే ఆపి అడిగినవాణ్ణి నేను" అన్నారు. ఆ తర్వాత బజ్జీ బండి అతనితో ఉల్లిపాయ తక్కువ వేశావని పోట్లాట పెట్టుకున్నారు.

ఆమె దగ్గర ఒక చాట కొన్నాను, నూట ఇరవై. రైల్లో ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకుని వచ్చాను, లోపల ఏనుగు, దాని మీద డజను నోటుపుస్తకాలు.

నిన్న రాత్రి బాబాయ్ ఫోను చేశాడు. జామాయిల్ లోడు ఎత్తారట, నరికిన ఆరో రోజున. కాటా చీటీ వాట్సాప్‌లో పెట్టాడు. ఖాళీ లారీ బరువు, నిండు లారీ బరువు, రెండూ చేత్తో కొట్టేసి దిద్ది ఉన్నాయి. డబ్బులు పదిహేను రోజులన్నారని చెప్పాడు. వంటింటి క్యాలెండర్‌లో 27 చుట్టూ ఎర్రగా గీశాను.